వేట నిషేధం రోజుల్లో ఒక స్నేహం: నా నవల రాసిన అనుభవం

కథంతా వేట నిషేధం రోజుల్లోనే నడవాలని మొదటే అనుకున్నాను. చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లను ఆపేస్తారు. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు వరసగా కట్టేసి ఉంటాయి. బోట్ల మీద పనిచేసే కళాసీలు ఇళ్లలో ఉంటారు, చేతిలో డబ్బాడదు. తాగుడున్న ఇంట్లో ఆ రెండు నెలలు ఎంత బరువో రాయాలనిపించింది.

నా కథలో ఒక కళాసీ కూతురు, పన్నెండేళ్ల పిల్ల. బాకీ వసూలుకొచ్చే మామ్మకి “నాన్న ఇంట్లో లేడు” అని చెప్పడం ఆ పిల్ల పని. మామ్మకి చదువు రాదు. ఎవరిచేతో రాయించుకున్న లెక్కల పుస్తకం మీద నమ్మకమూ లేదు. ఒకరోజు గుమ్మంలోనే కూలబడి, “నువ్వైనా సదివి సెప్పవే, ఇందులో ఏటుందో” అంటుంది. అక్కడ మొదలవుతుంది స్నేహం.

ఆ భాగం కోసం విశాఖలోని మత్స్యకారుల పేట పెదజాలారిపేటలో చేపలమ్మే ఆడవాళ్ల దగ్గర కూర్చున్నాను. ఐసు ధర, ఆటో కిరాయి, పిల్లల ఫీజులు, వాళ్ల మాటలన్నీ ఇవే. నాకు కావలసిందీ అదే.

నన్ను బాగా నలిపింది ముగింపు. చిత్తుప్రతి చదివిన మిత్రులు తండ్రి తాగుడు మానేస్తే బాగుంటుందన్నారు. నేను ఒప్పుకోలేదు. అలాంటి ఇళ్లలో ఎంతమంది పిల్లలు ఆ రోజు కోసం ఎదురుచూస్తూనే పెద్దవాళ్లైపోతారు! నాన్న మారకపోయినా తమకోసం నిలబడే పెద్ద దిక్కొకటి వాళ్లకి కావాలి. అందుకే బోట్లు మళ్లీ వేటకెళ్లినా నా కథలో తండ్రి అలాగే ఉంటాడు. మామ్మ పిల్లని దగ్గరుండి హాస్టల్లో చేర్పిస్తుంది. వడ్డీ మాత్రం వదలదు. ఆమెని దేవతని చేస్తే ఆ స్నేహాన్ని ఎవరూ నమ్మరు.

మిగతా పని ఓపికతో అయిపోయింది. యూనికోడ్‌లో రాసినది ప్రెస్సు కోసం అను ఫాంట్లలోకి మార్చాక కొన్ని ఒత్తులు చెదిరాయి, ప్రూఫులు మళ్లీ చూశాను. మామ్మ మాటలని పుస్తక భాషలోకి దిద్దిన చోటల్లా పాత మాటే పెట్టించాను. పుస్తకానికిచ్చే గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్‌కి ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు చేశాను, మన దేశంలో దానికి రుసుము లేదు. ప్రెస్ నుంచి రాగానే మొదటి కాపీలు పెదజాలారిపేటకే తీసుకెళ్తాను. చదవడం రానివాళ్లకి మామ్మ అధ్యాయాలు నేనే చదివి వినిపిస్తాను.