కాలి కింద ఎవరో ఉన్నారు

"కదలకండి. కాళ్ళు ఉన్నచోటే ఉంచండి."

ఆవిడ అరవలేదు. కానీ ఆ గాలి హోరులో కూడా అందరికీ వినబడేంత గట్టిగా చెప్పింది. బాట మీదున్న పదిహేను ఇరవై మంది కెమెరాలు దించి నావైపు చూశారు. నా చేతిలో ఫోన్. ఎదురుగా నాలుగు అడుగుల దూరంలో పఫిన్ అనే సముద్రపు పిట్ట ఒకటి, నారింజ రంగు కాళ్ళతో, తల పక్కకి వంచి నన్నే చూస్తోంది. నేను బాట దాటి గడ్డిలోకి మూడంటే మూడు అడుగులు వేశాను.

"మీ కాలి కింద ఎవరో ఉన్నారు," అంది ఆవిడ. "ఏ అడుగుల్లో వెళ్ళారో ఆ అడుగుల్లోనే వెనక్కి రండి."

వచ్చాను. "థాంక్యూ సో మచ్," అంది. ముఖంలో కోపం లేదు. తల ఊపి రెండడుగులు పక్కకి జరిగి నిలబడింది. అరవై దాటిన మనిషి, ఎండకి ఎర్రబడ్డ ముక్కు, వాలంటీర్లు వేసుకునే జాకెట్. అంతే జరిగింది. ఈ అంతే జరిగినదాన్ని నేను రెండు వారాలు మోశాను. నైట్ డ్యూటీల్లో, బస్సులో, వంట చేసుకుంటూ.

ఎక్కడో చెప్పలేదు కదా. స్కాట్లాండ్ తూర్పు తీరంలో ఫైఫ్ అనే ప్రాంతం ఉంది. అందులో సముద్రం ఒడ్డున ఎలీ, సెయింట్ మోనన్స్, పిట్టెన్‌వీమ్, ఆన్‌స్ట్రథర్, క్రెయిల్ అని వరసగా చిన్న చిన్న రేవు ఊళ్ళు. ఆన్‌స్ట్రథర్ నుంచి పడవెక్కితే ముప్పావుగంటో గంటో పడుతుంది ఐల్ ఆఫ్ మే అనే దీవికి. పొడవు రెండు కిలోమీటర్లు కూడా ఉండదు. ఆ కాస్త నేలలో పఫిన్ జంటలు నలభై వేలకు పైనే.

నేను ఈ ఫైఫ్‌లోనే ముసలివాళ్ళని చూసుకునే ఒక కేర్ హోమ్‌లో పని చేస్తాను. 2024 ఆగస్టులో వచ్చాను. అప్పటికి అయిదు నెలల ముందు, మార్చి 11 నుంచి, కేర్ వర్కర్లు కుటుంబాన్ని తెచ్చుకోకూడదని రూల్ మారిపోయింది. మా పాప టెక్కలిలో మా అమ్మ దగ్గర, మా అమ్మమ్మ దగ్గర ఉంది. ఏడేళ్ళు. దీవికి వెళ్ళమని నన్ను పోరుపెట్టింది మా రెసిడెంట్ ఒకావిడ. పిట్టెన్‌వీమ్‌లో పుట్టి పెరిగిన మనిషి, తండ్రివైపూ భర్తవైపూ అందరూ చేపల పడవల వాళ్ళే. ఆవిడని పేరు పెట్టి పిలవాలని కేర్ ప్లాన్‌లో రాసి ఉంది. తొంభై ఏళ్ళావిడని పేరు పెట్టి పిలవడానికి నాకు ఇప్పటికీ నోరు రాదు. "జూలై దాటితే ఒక్క పిట్ట కూడా ఉండదు, ఆఫ్ దొరికితే ఇప్పుడే వెళ్ళు," అని స్నానం చేయిస్తున్నంతసేపూ చెప్పింది. పాపకి ఫోటోలు తీసి పంపుతానన్నాను. జూన్ చివర్లో రోటాలో రెండు రోజులు ఖాళీ దొరికింది.

లెవెన్ నుంచి 95 నంబరు బస్. పడవ మధ్యాహ్నం. అది రోజూ ఒకే టైముకి ఉండదు, ఆటుపోట్లని బట్టి మారుతుంది. పొద్దున్నే దిగిపోయాను కాబట్టి రేవు ఎదురుగా ఉన్న ఫిషరీస్ మ్యూజియంలోకి వెళ్ళాను. 1969లో మొదలైందట. పడవలు, వలలు చాలా ఉన్నాయి కానీ నేను ఆగిపోయింది ఆడవాళ్ళ ఫోటోల దగ్గర. హెరింగ్ చేపలు శుభ్రం చేసే పనికి ఈ పల్లెల ఆడపిల్లలు పడవల వెంట షెట్లాండ్ నుంచి ఇంగ్లండ్‌లోని యార్మత్ దాకా సీజనంతా ఊరూరూ తిరిగేవారు. ముగ్గురు ఒక జట్టు. ఇద్దరు కోసి పేగులు తీస్తే మూడో ఆమె పీపాలో ఉప్పు వేసి పేర్చేది. కత్తికి తెగకుండా, ఉప్పుకి మండకుండా వేళ్ళకి గుడ్డపీలికలు చుట్టుకునేవారు. ఒక ఫోటోలో ఒక పిల్ల పది వేళ్ళకీ పీలికలు చుట్టుకుని నవ్వుతోంది. ఇరవై ఏళ్ళుండవు. ఇంటికి డబ్బు పంపే నవ్వు అది. నాకు తెలుసు.

పడవ దిగేచోట ఆర్కిటిక్ టెర్న్‌లు గూళ్ళు పెట్టుకుంటాయి. మనం జెట్టీ మీద అడుగు పెట్టగానే నెత్తి మీదకి దూసుకొచ్చి పొడుస్తాయి. పిల్లల్ని కాపాడుకోవడానికి అవి పడే ఆరాటం అది. అంటార్కిటికా దాకా వెళ్ళి వచ్చే పిట్టలు, గుప్పెడు ఉండవు, మనిషంటే భయం లేదు. అందరం చెయ్యి పైకెత్తి పట్టుకుని నడిచాం. అక్కడే ఒకాయన నిలబడి జాగ్రత్తలు చెప్పాడు. బాట దిగొద్దు అన్నాడు. గాలి, పిట్టల అరుపులు, ఆయన యాస, ఇవన్నీ కారణాలుగా నేను తర్వాత చాలామందికి చెప్పాను. విన్నాను. నిజం చెప్పాలంటే విన్నాను.

మరి ఎందుకు దిగాను? ఈ ఏడాదిలో నాకు ఈ దేశంలో బాగా నచ్చింది ఒకటుంది. ఇక్కడ ఎక్కడైనా నడవొచ్చు. 2003లో చట్టమే చేశారు. పొలం గట్టు మీంచి, కొండ మీద, ఎవరి ఎస్టేట్‌లోంచైనా, నష్టం చెయ్యకుండా, ఇళ్ళ దగ్గరికి పోకుండా నడిచే హక్కు అందరికీ ఉంది. తీరం వెంబడి 117 మైళ్ళ కాలిబాట ఉంది, అందులో నాకు వీలైనంత ముక్క ముక్కలుగా నడిచాను. సెయింట్ ఆండ్రూస్‌లో ప్రపంచమంతా వచ్చి ఆడే ఓల్డ్ కోర్స్ అనే గోల్ఫ్ మైదానం ఉంది కదా, ఆదివారాలు ఆట ఆపేసి జనాన్ని తిరగనిస్తారు. కుక్కల్ని తెచ్చుకుని, పిల్లల్ని తెచ్చుకుని నడుస్తారు. నేనూ ఆ గడ్డి మీద నడిచాను. ఎవరమ్మాయివి, ఎక్కడికి, ఎవరితో వచ్చావు అని అడిగినవాళ్ళు లేరు. వీసా మీద బతికే మనిషికి అదెంత ఊరటో చెప్పలేను. నా కాగితాల్లో ఎక్కడ పని చెయ్యాలో రాసి ఉంది, కానీ ఎక్కడ నడవాలో రాసి లేదు. అలా అలవాటుపడ్డ కాళ్ళు దీవిలో కూడా దిగిపోయాయి. కంచె లేదు. చాలాచోట్ల తాడు కూడా లేదు. పచ్చగా మెత్తటి గడ్డి, మధ్య మధ్య తెల్లటి పూలు.

ఆ గడ్డి కింద అంతా బొరియలే. పఫిన్ ముక్కుతో, కాళ్ళతో చెయ్యంత లోతుకి తవ్వి ఏడాదికి ఒకే ఒక గుడ్డు పెడుతుంది. ఆ ఒక్క గుడ్డు పోతే సాధారణంగా ఆ ఏడాది ఇక లేదు. పిల్ల చీకట్లో నెల పైన కూర్చుంటుంది, తల్లీ తండ్రీ చేపలు తెచ్చి పెడతారు. పైన మనిషి బరువు పడితే నేల కుంగిపోతుంది. ఇదంతా ఆవిడ నాకు చెప్పలేదు, నేను ఇంటికొచ్చి చదువుకున్నాను. ఆవిడ చెప్పింది ఒక్క ముక్కే. ఎవరో ఉన్నారు అంది. పిట్ట ఉంది అనలేదు.

మొదట వచ్చింది కోపం. నా రంగు చూసి అందరి ముందు అందా? అక్కడ అంతమందిలో తెల్లగా లేనిదాన్ని నేనొక్కదాన్నే. ఇలాంటి అనుమానం ఒకసారి పట్టుకుంటే వదలదు, దానికి సాక్ష్యాలు మనమే వెతుక్కుంటాం. మా సీనియర్ కేరర్, ఇక్కడి అమ్మాయి, హ్యాండోవర్ అయ్యాక అడిగితే, "రాజుగారు దిగినా ఆవిడ అదే మాట అనేది," అంది. కావొచ్చు. కానీ అనుమానం పూర్తిగా పోలేదు, పోయిందని రాస్తే అబద్ధం.

రెండోది, ఆ థాంక్యూ. దాని దగ్గరే నా మనసు తిరుగుతూ ఉండిపోయింది. మన దగ్గర తప్పు చేస్తే తిడతారు. వంశమంతా వస్తుంది అందులో. మనం ఏడుస్తాం, ఎదురు చెప్తాం, అన్నం మానేస్తాం, కాసేపటికి ఎవరో ఒకరు కంచం పట్టుకుని వస్తారు. తిట్టుకి ఒక తిరుగు ప్రయాణం ఉంటుంది. ఇక్కడ చెప్పాల్సింది చెప్పేసి, మనం వినగానే థాంక్యూ అని తలుపు వేసేస్తారు. నా మాట ఎక్కడ పెట్టుకోవాలి నేను? మా పాప కోసమండీ, దూరంగా ఉందండీ, అని చెప్పుకునే సందు లేదు. డ్యూటీలో కూడా ఇంతే. ఒకసారి మనిషిని మంచం మీంచి పైకి లేపే హాయిస్ట్ స్లింగ్ తప్పుగా తగిలించబోయాను. నవ్వుతూనే ఆపారు, నవ్వుతూనే థాంక్స్ చెప్పారు, సాయంత్రానికి కాగితం మీద రాసి ఉంది. తిట్టి ఉంటే ఆ రాత్రి నిద్రపోయేదాన్ని.

మూడోది చెప్పడానికి సిగ్గుగా ఉంది. అమ్మమ్మది తేలినీలాపురం. టెక్కలి పక్కనే. మా వైపు వాళ్ళకి ఆ ఊరి గురించి చెప్పక్కర్లేదు. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు ఏటా సెప్టెంబరు ప్రాంతంలో వచ్చి ఊళ్ళో చెట్ల మీద గూళ్ళు కట్టి, పిల్లల్ని చేసుకుని, ఎండాకాలం ముదిరేలోగా వెళ్ళిపోతాయి. సైబీరియా నుంచి వస్తాయనేవారు. పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలు అనేది అమ్మమ్మ. పిల్లలకి రెక్కలొచ్చి ఎగిరేదాకా ఆ చెట్ల కింద మమ్మల్ని గట్టిగా నవ్వనిచ్చేది కాదు. పెరడంతా రెట్టలు, చేపల కంపు. ఎవరూ ఒక్క మాట అనుకోలేదు. పురిటింట్లో కంపు రాదేటి అనేది. 2018లో తిత్లీ గాలికి మా వైపు కొబ్బరి చెట్లు వరసగా పడిపోయినప్పుడు ఫోన్ కలిశాక అమ్మమ్మ ముందు చెప్పింది ఇంటి పెంకుల గురించి కాదు, గూళ్ళ గురించి.

కాబట్టి పడవలో వెనక్కి వస్తున్నంతసేపూ లోపల ఒకటే వాదన. పిట్టల గురించి నాకు చెప్తారా? మా ఊళ్ళో బాట లేదు, వాలంటీర్ లేదు, జాకెట్ లేదు, అయినా ఎవరూ రాయి వెయ్యరు. ఇక్కడ ఇన్ని రూల్స్ ఎందుకంటే వీళ్ళకి అవి చుట్టాలు కావు కాబట్టి. ఇలా సాగింది. సగం దారిలో ఆ వాదన నాకే నిలబడలేదు. చుట్టరికం ఉన్న ఊరిదాన్నే కదా అడుగు వేసింది. అక్కడ నన్ను ఆపింది ఊరంతా ఒకేలా అనుకోవడం. ఆ ఊరు దాటి వచ్చాక నాకు కనిపించింది ఫోటో మాత్రమే. రోజుకి వందమంది నాలాంటి దారినపోయేవాళ్ళు దిగే దీవిలో ఎవరో ఒకరు పెద్ద గొంతుతో చెప్పాల్సిందే. ఆ మాట అనుకున్నా కూడా, రాసుకుంటున్నా కూడా, ఇప్పటికీ కాస్త మండుతోంది.

జూలై రెండో వారంలో అమ్మమ్మకి చెప్పాను. వీడియో కాల్‌లో పాప ఫోన్ లాక్కుని ఫోటో చూసి, "ఇది నవ్వుతోందా ఏడుస్తోందా?" అని అడిగింది. తర్వాత అమ్మమ్మ. అంతా చెప్పాను. బాట, మూడడుగులు, అందరూ చూడటం, థాంక్యూ. నా పక్షాన మాట్లాడుతుందనే చెప్పాను.

"ఓలమ్మో! పురిటి గది మీద అడుగెట్టేసినావేటే?"

అక్కడి నుంచి పది నిమిషాలు. పెంపకం, చదువు, విమానం, ఫోన్, అన్నీ వచ్చాయి. ఆ దొరసాని ఒక్క ముక్కతో వదిలేసింది, నేనైతే వీపు మీద వేద్దును అంది. నేను ఏడ్చాను. ఏడుస్తుంటే, "బువ్వ తిన్నావా?" అంది. తిన్నానన్నాను.

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత అడిగింది.

"ఆ పిట్ట దిగిందా నేదా సివరకి?"

ఎదురుగా నిలబడి నన్ను చూసిన పఫిన్ గురించి కాదు ఆవిడ అడిగింది. నేను బాట మీదకి వచ్చేశాక ఆ వాలంటీర్ గడ్డంతో పైకి చూపించింది. ఇంకో పఫిన్ గాలిలో చుట్టూ చుట్టూ తిరుగుతోంది. ముక్కులో అడ్డంగా వెండి పీలికల్లా సన్నటి చేపలు, మన నెత్తళ్ళంత. నేను నిలబడ్డ చోటే దాని గుమ్మం. ఎన్ని చుట్లు తిరిగిందో, నేను ఫోన్‌లో చూస్తూ తల ఎత్తలేదు. అది ఇంకో రెండు చుట్లు తిరిగింది. రెక్కలు టపటపా కొట్టుకుంటూ, కాళ్ళు రెండూ వెడల్పుగా చాపి, దబ్బున గడ్డిలో పడ్డట్టు దిగింది. అటూ ఇటూ చూడలేదు. పరుగున బొరియలోకి దూరిపోయింది. మేమిద్దరం పక్కపక్కన నిలబడి చూశాం. నిమిషం కూడా పట్టలేదు, ఖాళీ ముక్కుతో బయటికొచ్చి మళ్ళీ సముద్రం వైపు ఎగిరిపోయింది.

"దిగింది అమ్మమ్మా," అన్నాను.