పిల్లి కన్ను రాలిపోయింది: స్క్రోల్ సాతో నా మొదటి బొమ్మ

మా పిల్లి ఫోటో చూసి చెక్కపలకలో నాలుగు గంటలు కూర్చుని కోసిన బొమ్మని వెలుతురుకి ఎత్తి చూస్తే కుడికన్ను గుడ్డిదైపోయి ఉంది. కనుపాప మధ్యలో తెల్లగా మెరవాల్సిన చుక్క లేదు. బల్ల కింద పొట్టులో మోకాళ్ల మీద కూర్చుని వెతికితే పెసరగింజంత చెక్కముక్క దొరికింది, అదే కంటి మెరుపు. ఎడమకంటి చుక్క మాత్రం ఫోటోలోనే కనుపాప అంచుకి అంటుకుని ఉంది కాబట్టి బతికిపోయింది. తప్పంతా నేను గీసిన ప్యాటర్న్‌లో ఉంది, చెయ్యి పాపం లైను మీదే నడిచింది.

స్క్రోల్ సా ఎప్పుడూ చూడనివాళ్లకి: కుట్టుమిషన్ సూదిలా పైకీ కిందకీ ఆడే సన్నటి రంపం బ్లేడు, దాని చుట్టూ చిన్న ఇనుప బల్ల. బ్లేడు ఉన్నచోటే ఉంటుంది, చెక్కని మనం తిప్పుతూ పోవాలి. జాలీ పని, అక్షరాలు, పజిల్స్, ముఖాల బొమ్మలు అన్నీ దీనితో చేస్తారు. చప్పుడు తక్కువ, వేలు తగిలితే తెగుతుంది కానీ పెద్ద రంపాలంత భయంకరం కాదు, అందుకే చెక్కపని అసలు రాని నాలాంటివాళ్లు దీంతోనే మొదలుపెడుతుంటారు.

నేను కొన్న సెకండ్ హ్యాండ్ మిషన్ పిన్ను బ్లేడ్లు పట్టే రకం. బ్లేడు రెండు చివర్లా అడ్డంగా చిన్న పిన్ను ఉంటుంది, కొక్కేనికి తగిలిస్తే చాలు, చాలా సుఖం. అనుకున్నా. లోపలి భాగాలు కోయాలంటే ముందు అక్కడ బెజ్జం వేసి అందులోంచి బ్లేడు దూర్చాలి కదా, పిన్ను దూరాలంటే ఐదారు మిల్లీమీటర్ల బెజ్జం కావాలి, మా పిల్లి కన్నే అంత లేదు. పిన్ను లేని బ్లేడు అయితే మిల్లీమీటరున్నర బెజ్జంలోంచి దూరిపోతుంది. చివరికి ఆ బ్లేడ్లు పట్టే బిగింపులు విడిగా తెచ్చి మార్చుకున్నాను. ఎవరైనా కొత్తగా కొంటుంటే నేను చెప్పే మాట ఇదొక్కటే, మోటారు సంగతి తర్వాత, పిన్ను లేని బ్లేడ్లు పడతాయా లేదా అన్నది ముందు చూడండి.

ఈ బ్లేడ్లు మామూలుగా ఐదు అంగుళాల పొడవుంటాయి. నంబరు తగ్గేకొద్దీ సన్నం. నా 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌కి 2వ నంబరు సరిపోయింది, మందం చెక్కకి 7, 9 అలా పోతారు. నేను మొదట్లో తెగదేమో అన్న భయంతో 9వ నంబరు వేసి సన్నటి మలుపులన్నీ పాడుచేశాను. రివర్స్ టూత్ అని ఇంకో రకం ఉంది, కింద చివర నాలుగైదు పళ్లు పైకి తిరిగి ఉంటాయి, అడుగువైపు పేళ్లు లేవకుండా చేసేది అవే. ప్లైవుడ్ మీద పనిచేసేవాళ్లకి ఆ తేడా మొదటి కోతలోనే కనబడుతుంది.

ఇంక బిగింపు. బ్లేడు వదులుగా ఉంటే మలుపులో వంగి, చెక్క పైవైపు గీత ఒకచోట, అడుగువైపు ఇంకోచోట వస్తుంది. వేలితో మీటితే తంత్రిలాగా ఖణేల్మనాలి, డబ్ మంటే చాలలేదని. మరీ బిగిస్తే పుటుక్కున తెగుతుంది. మొదటి వారంలో ఎన్ని తెంచానో లెక్కపెట్టడం మానేశాను, బ్లేడ్లు డజన్ల లెక్కన ఎందుకు అమ్ముతారో మాత్రం అర్థమైంది.

నన్ను బాగా ఏడిపించింది తిన్నని గీత. గుండ్రాలు బాగానే వస్తున్నాయి, తిన్నగా కోస్తే ఎప్పుడూ ఒకే పక్కకి పోతోంది. నా చెయ్యే వంకర అనుకున్నా. తర్వాత తెలిసింది, తయారీలో బ్లేడుకి ఒక పక్క అంచు కొంచెం గరుకుగా మిగిలిపోతుంది, ఆ పక్క ఎక్కువ తెగుతుంది, అందుకే అటు లాగుతుంది. చెక్కని కాస్త వాలుగా పట్టుకుని తోస్తే చాలు, రెండు రోజులకి చెయ్యే ఆ వాలు నేర్చుకుంది. బల్లకి బ్లేడు నిట్టనిలువుగా ఉందో లేదో చూడటానికి కూడా ఒక చిట్కా ఉంది. మందపాటి పనికిరాని చెక్కలో కొంచెం లోపలికి కోసి ఆపండి, ఆ ముక్కని బ్లేడు వెనకవైపుకి తిప్పి అదే కోతలోకి బ్లేడు దూరుతుందేమో చూడండి. సాఫీగా దూరితే సరే, పైనో కిందో తగిలితే బల్ల వాలి ఉన్నట్టు. కొలబద్దలు అక్కర్లేదు.

ఇవన్నీ నేర్చుకోడానికి నెల పట్టింది, పిల్లి మొదలైంది ఆ తర్వాతే. ఇప్పుడు ఆలోచిస్తే ఆ నెలంతా తేలికైన భాగం.

ముఖం బొమ్మ కోసే పద్ధతి ఏమిటంటే, ఫోటోని పూర్తి నలుపు తెలుపు చేసి, నల్లగా ఉన్నదంతా కోసి తీసేసి, వెనక నల్ల కాగితం అతికిస్తారు. తెలుపంతా చెక్క, నలుపంతా ఖాళీ. దూరం నుంచి చూస్తే ముఖం కనిపిస్తుంది. వినడానికి తేలికే, జింప్ అనే ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లో థ్రెషోల్డ్ అనే బార్ ఒకటి ఉంటుంది, అటూ ఇటూ జరిపితే ఫోటో రెండు రంగులైపోతుంది, దాన్ని ఇంక్‌స్కేప్ అనే గీతల బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో ట్రేస్ చేస్తే గీతలొస్తాయి, రెండూ ఉచితమే. కానీ చెక్కకి ఒక షరతుంది, తెల్లగా ఉన్న ప్రతి చోటూ ఎక్కడో ఒకచోట చట్రానికి అంటుకుని ఉండాలి. చుట్టూ నలుపు ఉండి మధ్యలో తెల్ల దీవి మిగిలిందంటే అది కింద పడిపోయే ముక్క. కాగితం మీద కళ్లకి అది తెలియదు, ఎందుకంటే కాగితం మీద ఏదీ రాలదు కదా. పిల్లి కన్ను సరిగ్గా అలాగే పోయింది.

కన్ను పోయాక దొరికిన ఉపాయం చూసి నా తల నేనే కొట్టుకున్నాను. ప్యాటర్న్ బొమ్మలో రంగు పోసే బకెట్ టూల్ తీసుకుని చట్రం మీద ఒక్క క్లిక్ ఎరుపు పోయండి. అంటుకుని ఉన్న తెలుపంతా ఎర్రబడుతుంది. ఇంకా తెల్లగా మిగిలిందంటే అది దీవి, దానికి ఒక సన్నటి వంతెన గీయాలి. పది సెకన్ల పని. నా మొదటి ప్యాటర్న్ మీద పోసి చూస్తే మూడు దీవులు బయటపడ్డాయి, కన్ను కాక చెవిలో ఒకటి, గడ్డం కింద ఒకటి, ఆ రెండూ పోయిన సంగతి నేను గమనించనే లేదు!

వంతెన ఎక్కడ వెయ్యాలన్నదే అసలు పని. కుడికంటి చుక్కని ఎడమకంటిలోలాగే పైఅంచుకి కలిపేశాను, చూసేవాళ్లకి అది రెప్ప నీడలో కలిసిపోతుంది. మీసాలకి ఇంకో గొడవ. నల్ల నేపథ్యంలో తెల్ల మీసం అంటే గాల్లో నిలబడ్డ చెక్కపుల్ల, ప్లైవుడ్ పొరలు అడ్డంగా నిలువుగా అతికించి ఉంటాయి కాబట్టి మామూలు చెక్క కంటే కాస్త ఓర్చుకుంటుంది కానీ మిల్లీమీటరు కంటే సన్నమైతే ఆశ వదులుకోవాలి. ఆరు మీసాల్లో రెండు తీసేశాను, మిగతా వాటి చివరలు నేపథ్యంలోని తెల్లభాగానికి తగిలించాను. ఈ ప్యాటర్న్‌కి మూడు సాయంత్రాలు పట్టింది.

రెండోసారి కోత మాత్రం హాయిగా సాగింది. మొదటిసారి కాగితాన్ని చెక్కకే నేరుగా స్ప్రే గమ్‌తో అతికించి తర్వాత గీకలేక చచ్చాను, ఈసారి ముందు చెక్కంతా తేలిగ్గా ఊడే మాస్కింగ్ టేప్ వేసి దాని మీద కాగితం, కాగితం మీద పార్సిళ్లకి వేసే పారదర్శక టేపు. ఆ పై టేపు వల్ల బ్లేడు కింద చెక్క మాడటం బాగా తగ్గుతుంది. లోపలి చిన్న భాగాలు ముందు, పెద్దవి తర్వాత, బయటి అంచు చిట్టచివర. పెద్ద ఖాళీలు ముందే కోసేస్తే పలక బలం పోయి బ్లేడుతోపాటు ఎగరడం మొదలుపెడుతుంది.

మాస్కు గురించి కూడా చెప్పాలి. పొట్టు ఊదే చిన్న గొట్టం గీత కనబడేలా చేస్తుంది, ఆ దుమ్మంతా మన ముఖానికే వస్తుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చెక్క దుమ్ముని మనుషులకి క్యాన్సర్ తెచ్చేవాటి జాబితాలో పెట్టింది. నేనేమో మొదటి నెలంతా మాస్కు లేకుండా తుమ్ముతూ కూర్చున్నా.

కాగితం పీకుతుంటే ఒక మీసం విరిగింది. గమ్‌తో అతికించాను, దగ్గరగా చూస్తే తెలుస్తుంది. పాత పిల్లిని కూడా పారెయ్యలేదు, దొరికిన మెరుపు చుక్కని వెనక నల్ల కాగితానికే అతికించాను, కొంచెం పక్కకి జరిగి మెల్లకన్ను పడింది. ఇంటికొచ్చినవాళ్లు ముందు దాన్నే చూస్తున్నారు.

ఇప్పుడు పాత సైకిల్ ఫోటో ఒకటి పట్టుకున్నాను. నిన్న రాత్రి ఎరుపు పోసి చూస్తే పదకొండు చోట్ల తెల్లగా మిగిలింది, అందులో ఏడు ఒక్క చెయిన్ దగ్గరే.