శ్రీకూర్మం దాకా ఒక అలక

ఆదివారం అరసవల్లి సూర్యదేవుడి గుడి ఎలా ఉంటుందో శ్రీకాకుళం జిల్లా వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఎక్కడికక్కడ క్యూ, చెప్పులు పెట్టుకోవడానికి ఒక రేటు, కొబ్బరికాయకి ఒక రేటు, కొట్టే మనిషికి మళ్ళీ చిల్లర. ఆ సంగతి వదిలేస్తున్నాను. విజయనగరం నుంచి వచ్చిన బస్సు గురించి కూడా రాయను. కిటికీ అద్దం జరగలేదన్నది తప్ప అందులో విశేషం లేదు. అరసవల్లి నుంచి శ్రీకూర్మం వెళ్ళిన ఆటో గురించి మాత్రం రాయాలి. అందులో నా పక్కన మూతి ముడుచుకుని కూర్చున్న మావయ్య గురించి కూడా.

మావయ్య విజయనగరంలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. సర్వీసులో ఉండగానే ఒక స్వామీజీ దగ్గర ఉపదేశం తీసుకున్నాడు. ఆశ్రమం ఎక్కడో చెప్పను. మన రాష్ట్రంలో కాదు, రెండు రైళ్ళు మారాలి. ఏటా వ్యాసపూర్ణిమకి అక్కడ ఉండాల్సిందే. ఇంట్లో పెళ్ళి ముహూర్తం పెట్టినా ముందు ఆ తేదీ చూసుకునేవాళ్ళు. పాదపూజ లైన్లో తెల్లవారుజామున నిలబడితే మధ్యాహ్నానికి ఆయన ముందుకు చేరడం, తలమీద చెయ్యి పడటం, అర నిమిషం. ఆ అర నిమిషం గురించి మావయ్య తర్వాత ఏడాదంతా చెప్పేవాడు.

ఈ ఏడు మోకాళ్ళు మొరాయించాయి. అయినా టికెట్లు తీశాడు. మెట్లెక్కలేను, కింద గది ఇప్పిస్తారా అని ఆశ్రమం ఆఫీసుకి ఫోన్ చేశాడు. మర్నాడు ఒక కుర్రాడు ఫోన్ చేసి, "స్వామీజీ మిమ్మల్ని రావద్దన్నారండీ, ఉన్నచోటే జపం చేసుకోమన్నారు" అని పెట్టేశాడు. అంతే. మావయ్య టికెట్లు క్యాన్సిల్ చేయించి మంచమెక్కాడు. పూర్ణిమ వెళ్ళిపోయింది కానీ అలక వెళ్ళలేదు. నేను సెలవు మీద వచ్చేసరికి అత్తయ్య గుమ్మంలోనే పట్టుకుంది. "నువ్వైనా ఎక్కడికైనా తిప్పుకు రారా, ఇంట్లో ఈ మౌనవ్రతం నేను పడలేను" అంది. ఎక్కడికి వెళ్దామని అడిగితే, గోడవైపు తిరిగే, "అరసవల్లి, శ్రీకూర్మం" అన్నాడు మావయ్య.

అరసవల్లి దగ్గర ఆటోవాడు రానూపోనూ ఐదొందలు అడిగాడు. పట్టుమని పదిహేను కిలోమీటర్లు లేని దూరం. బస్సుంది, షేర్ ఆటోలున్నాయి. కానీ ఆ మోకాళ్ళతో ఎక్కించడం ఎలా? ఆ సంగతి ఆటోవాడు నాకంటే ముందే కనిపెట్టేశాడు. నాలుగొందల యాభైకి తెగింది. తెగాక కూడా బండి కదల్లేదు. అద్దం పక్కన లామినేషన్ చేసిన ఫొటో ఒకటి వేలాడుతోంది. దాన్ని ముట్టుకుని కళ్ళకద్దుకుని అప్పుడు స్టార్ట్ చేశాడు. కాషాయం లేదు, సింహాసనం లేదు. మెడలో తువ్వాలుతో, మాసిన గడ్డంతో ఒక ముసలాయన ఎండకి కళ్ళు చికిలించి చూస్తున్నాడు. బహుశా ఆధార్ కార్డు ఫొటోని పెద్దది చేయించి ఉంటాడు.

పొద్దుట్నుంచి నోరు విప్పని మావయ్య ముందుకి వంగాడు.

"ఎవరు నాయనా ఆయన?"

"మా గురువుగోరు బావూ."

"ఏ ఆశ్రమం?"

"ఆశ్రమం ఏటుంటాది? ఎకరంనర పొలముంది ఆయనకి. గార అవతల మా ఊరే. రాత్రిపూట అరుగు మీద తత్వాలు సెప్తారు, మేం పదిమందిమి కూకుంటాం."

ఈ జిల్లాల్లో ఇలాంటి గురువులు ఊరికొకరైనా ఉంటారు. పగలు నాగలి, రాత్రి తంబురా. బోర్డుండదు, బ్యాంకు అకౌంటుండదు. మా అమ్మమ్మగారి ఊళ్ళో కూడా ఒకాయన ఉండేవాడు. మా చిన్నతనంలో ఆయన్ని వెక్కిరించేవాళ్ళం కూడానూ.

మావయ్య మాస్టారు గొంతులోకి వచ్చేశాడు. దక్షిణ ఏమిచ్చావని అడిగాడు. కొబ్బరికాయ ఇమ్మన్నారని, అందులోనూ ఒక చిప్ప తిరిగి తనకే ఇచ్చేశారని ఆటో అతను చెప్పాడు. సేవ ఏం చేస్తావని అడిగాడు. ఆసుపత్రికి వెళ్ళాల్సి వస్తే ఆటోలో తీసుకెళ్తానన్నాడు.

"అది సేవే కదా" అన్నాడు మావయ్య, కాస్త మెత్తబడి.

"సేవేటి బావూ, కిరాయి తీసుకుంటాను."

మావయ్య అదిరిపడ్డాడు. "గురువు దగ్గర డబ్బులు తీసుకుంటావా?"

"తీసుకోపోతే ఎక్కరు. ఒకపాలి వద్దంటే దిగిపోయి బస్సుకోసం నిలబడిపోనారు, ఆ ఎండలో. ఈ ఆటో నీ పెళ్ళాం పిల్లల కంచంరా, అందులో నాను సెయ్యెట్టనా అని తిట్టినారు. ఇంక అప్పట్నుంచి అందరికాడా ఎంతో ఆయనకాడా అంతే."

మంచి సందు దొరికిందనుకుని, అయితే మా దగ్గర కాస్త తగ్గించొచ్చు కదా అన్నాను.

"మీరు గురువుగోరు కాదు గదా" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. మావయ్య నవ్వాడు. అత్తయ్యకి ఫోన్ చేసి చెప్పాలన్నంత సంతోషం కలిగింది నాకు.

తర్వాత అతను చెప్పిందాంట్లో ఒకటి గుర్తుంది. రాత్రి రెండుమూడు తత్వాలు అయ్యేసరికి గురువు ఇతన్ని అరుగుమీంచి లేపేస్తాడట, ఇంటిదగ్గర మీ అమ్మ ఒక్కతే ఉంది, ఎల్లు అని. మిగతావాళ్ళు అర్ధరాత్రి దాకా ఉంటారు. కోపం రాదా అని మావయ్య అడిగాడు. "రాదేటి? రోజూ వస్తాది" అన్నాడు అతను, గతుకు తప్పించడానికి హ్యాండిల్ విరుస్తూ.

శ్రీకూర్మంలో జనం పెద్దగా లేరు. పడమటి ముఖంగా ఉన్న కూర్మావతార స్వామి, తూర్పునొకటి పడమరనొకటి రెండు ధ్వజస్తంభాలు, గోడల మీద వెలిసిపోతున్న బొమ్మలు, పుష్కరిణి గట్టున పితృకార్యాలు చేయించుకుంటున్న కుటుంబాలు. చాలామంది వెళ్ళే ఉంటారు కనక వర్ణించను. ఆకుకూర కట్ట కొని తాబేళ్ళకి పెట్టాం. కట్ట చూస్తే నాలుగు కాడలు, ధర చూస్తే బజారులో రెండు కట్టలొచ్చేంత. నక్షత్ర తాబేళ్ళు అది కూడా తొందరేం లేనట్టు తిన్నాయి.

నేను ఇక్కడికి ఒప్పుకున్నది మావయ్య కోసం మాత్రమే కాదు. ఈ గుడి స్తంభాల మీద తలెత్తి చూస్తే అన్నీ అక్షరాలే. వాటిలో శక సంవత్సరం 1203, అంటే క్రీ.శ. 1281 నాటి నరహరితీర్థుల సంస్కృత శాసనం ఒకటి. నరహరితీర్థులు ద్వైతమతం చెప్పిన మధ్వాచార్యుల శిష్యుడు, గంగరాజుల కాలంలో కళింగ పాలన చూసినవాడు. ఎదురుగా యోగానంద నరసింహుడికి గుడి కట్టించానని చెప్పడానికి వేయించిన శాసనం అది. మొదలుపెట్టడమే మధ్వాచార్యుల గురువు పురుషోత్తమ తీర్థులతో మొదలుపెట్టి, తర్వాత తన గురువు ఆనందతీర్థుల్ని, అంటే మధ్వాచార్యుల్నే, పొగిడి, ఆ తర్వాతే తన దగ్గరికి వస్తాడు. శబరులనే అడవి తెగవాళ్ళ దాడి నుంచి శ్రీకూర్మాన్ని కాపాడిన సంగతి కూడా అందులో ఉంది. సన్యాసం పుచ్చుకున్నవాడి చేతిలో కత్తి! మధ్వాచార్యుల కాలం తేల్చడానికి పండితులు వాదించుకునేటప్పుడు ఈ రాయినే సాక్ష్యానికి పిలుస్తారు. అది ఏ స్తంభమో చూపించేవాళ్ళు మాత్రం ఆ మధ్యాహ్నం ఎవరూ దొరకలేదు. అడిగితే కాశీకి సొరంగం ఉందన్న చోటు చూపించారు.

మండపంలో చల్లగా ఉన్న చోట మావయ్యని కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. మాధ్వులు చెప్పుకునే కథ కూడా చెప్పాను. నరహరి గురువు వెంట ఉడుపి వెళ్ళిపోదామనుకుంటే, నువ్వు రావద్దు, కళింగంలోనే ఉండు, రాజభాండాగారంలో మూలరాముడు, సీత విగ్రహాలున్నాయి, వాటిని సంపాదించు అని ఆజ్ఞ అయిందట. గురువు పడమటి సముద్రం ఒడ్డున, శిష్యుడు తూర్పు సముద్రం ఒడ్డున. ఏళ్ళ తరబడి రాజ్యం లెక్కలు చూసుకుంటూ ఉండిపోయాడు.

"ఊఁ" అన్నాడు మావయ్య.

అది చాలలేదని చైతన్య మహాప్రభు సంగతి ఎత్తుకున్నాను. ఆయన 1510లో పూరీ నుంచి దక్షిణదేశ యాత్రకి బయల్దేరి సింహాచలం వెళ్ళేముందు ఇక్కడ ఆగారు. కూర్ముడనే బ్రాహ్మణుడు ఇంటికి తీసుకెళ్ళి, కాళ్ళు కడిగి, భోజనం పెట్టి, ఈ సంసారం నావల్ల కాదు, నన్నూ తీసుకుపొమ్మన్నాడు. అలాంటి మాట మళ్ళీ అనొద్దన్నారాయన. ఇంట్లోనే ఉండి కృష్ణ నామం చేసుకో, కనిపించినవాళ్ళకి కృష్ణుడి మాట చెప్పు, నా ఆజ్ఞగా గురువువై ఈ దేశాన్ని తరింపజెయ్యి, నేను నీకు మళ్ళీ ఇక్కడే దొరుకుతాను అన్నారని ఆయన్ని అనుసరించే గౌడీయ వైష్ణవులు చెప్పుకుంటారు. ఒకే ఊరు, రెండు వందల ఏళ్ళకి పైగా ఎడం, ఇద్దరు గురువులూ రావద్దనే చెప్పారు. మావయ్యకి ఇంతకంటే ఓదార్పు ఏం కావాలి అనుకున్నాను.

మావయ్య మోకాలు రుద్దుకుంటూ కాసేపు ఆలోచించాడు. లెక్కలో స్టెప్పు తప్పితే పట్టుకునే మొహం పెట్టాడు.

"వాళ్ళకి గురువులు ఎదురుగా నిలబడి చెప్పారురా. నాకు ఆఫీసు కుర్రాడు చెప్పాడు. ఆయన అన్నాడో, గదులు లేక వీడే అన్నాడో నాకేం తెలుసు?"

అలక ఇదన్నమాట. ఇన్నాళ్ళూ మోకాళ్ళ గురించో, వయసైపోయిందన్న బాధో అనుకున్నాం అందరం. నిజం చెప్పాలంటే నా అనుమానం కూడా ఆ కుర్రాడి మీదే. వేలమంది శిష్యులున్న చోట గురువు మాట ఎక్కడ ఆగుతుందో, ఆఫీసు మాట ఎక్కడ మొదలవుతుందో కనిపెట్టడం కష్టం. అర నిమిషం తలమీద చెయ్యి పడటం కోసం రెండు రైళ్ళు మారిన మనిషికి, ఆ మాటైనా నేరుగా చెప్పించుకునే హక్కు లేదా? ఆ మాట పైకి అనలేదు. అంటే నా మీద విరుచుకుపడేవాడు. గురువుని తను అనొచ్చు, నేను అనకూడదు.

టెన్త్‌లో నేను వాళ్ళింట్లో ఉండి చదువుకున్నాను. రోజూ రాత్రి అన్నం తిన్నాక లెక్కలు చెప్పేవాడు. పబ్లిక్ పరీక్షలు దగ్గరపడ్డాక ఒకరోజు పుస్తకం మూసేసి, "రేపట్నుంచి నన్నడక్కు, నువ్వే చేసుకో" అన్నాడు. ఎంత బతిమాలినా పేపరు అడ్డం పెట్టుకుని చూసేవాడు కాదు. ఆయన పీడ వదిలించుకుంటున్నాడని అత్తయ్యతో చెప్పుకుని ఏడ్చాను. మండపంలో ఆ సంగతి గుర్తుచేస్తే, "ఆ ఏడు నీకు తొంభై రెండొచ్చాయి" అన్నాడు. మార్కులు గుర్తున్నాయి ఆయనకి. తర్వాత చాలాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు. పులిహోర పొట్లం ఇద్దరికీ ఒకటే దొరికింది, పంచుకుని తిన్నాం.

వచ్చేటప్పుడు ఆటో అతను చెట్టుకింద నిద్రపోతున్నాడు. లేపి ఎక్కాక, నేను ఊహించని మాట అడిగాడు మావయ్య. "మీ గురువుగారిని ఒకసారి చూడొచ్చా?"

"ఇప్పుడేటి బావూ, ఉభాలు, వరి నాట్లు నడస్తన్నాయి. మళ్ళో ఉంటారు. ఊసాడరు."

"నేనేం మాట్లాడను. చూసి వచ్చేస్తాను."

"గట్టుమీద ఎండలో కూకోవాల. సీకటి పడ్డాకే వస్తారు."

"కూర్చుంటాను."

నాకు చిరాకేసింది. చీకటి పడితే విజయనగరం బస్సులు తగ్గిపోతాయి, పొలం గట్లంట ఈయన్ని ఎవరు నడిపిస్తారు? ఆ మాటే అన్నాను. మావయ్య విననట్టు ఊరుకున్నాడు. ఆటో అతను అద్దంలోంచి ఒకసారి మావయ్య మోకాళ్ళకేసి చూసి, పొలం దాకా బండి వెళ్తుందన్నాడు. అయితే గార మీదుగా చుట్టు, కిరాయి వేరే, మూడొందలు.

మావయ్య బేరమాడకుండా సరేనన్నాడు. నేను రెండొందల యాభైకి దింపాను.