తోక ఈకలు ఏడా, ఎనిమిదా?

న్యూజెర్సీలో ఒక నాణేల సంతలో 1878 నాటి మోర్గాన్ డాలర్ అనే అమెరికా వెండి నాణెం కొన్నాను. అమ్మిన పెద్దాయన అట్టముక్క మీద "ఏడు ఈకలు" అని మాత్రం రాసిచ్చాడు. వెనకవైపు గద్ద ఉంది, దానికి తోక ఉంది, తోకలో ఏడు ఈకలు ఉన్నాయి. ఇందులో విశేషమేమిటో నాకు అర్థం కాలేదు.

ఇంటికి రాగానే తూచాను. 26.6 గ్రాములు. టంకశాల లెక్క 26.73. నూట నలభై ఏళ్లకు పైబడిన వెండి ఆ మాత్రం తరుగుతుంది. అయస్కాంతానికీ అంటుకోలేదు. అసలుదని చెప్పడానికి ఈ రెండే చాలవు కానీ, ధైర్యం వచ్చింది. వెనకవైపు గద్ద కిందున్న ఆకుల దండ ముడి కింద టంకశాల గుర్తు లేదు. అంటే ఫిలడెల్ఫియాలో అచ్చయింది. శాన్‌ఫ్రాన్సిస్కోదైతే అక్కడ 'ఎస్' ఉండేది, కార్సన్ సిటీదైతే జంట 'సి'లు ఉండేవి.

అసలు కథ తోకలో ఉందని చదివాక తెలిసింది. ఈ నాణెం బొమ్మలు చెక్కిన జార్జ్ మోర్గాన్ మొదట గీసిన గద్దకు ఎనిమిది ఈకలు. అంతకుముందు అమెరికా నాణేల మీద గద్దలకు ఈకలు బేసి సంఖ్యలోనే ఉండేవట. దాంతో ఏడుకు మార్చారు. అప్పటికే తయారైన ఎనిమిది ఈకల అచ్చులను పారేయకుండా, కొన్నింటి మీదే ఏడు ఈకల బొమ్మను మళ్లీ ఒత్తారు. పాత ఈకలు పూర్తిగా చెరగలేదు.

బల్లదీపాన్ని పక్కకు వంచి, పది రెట్లు చూపే భూతద్దం పెట్టాను. ఎదురు వెలుతురులో ఏమీ కనిపించలేదు. నాణేన్ని కొద్దిగా తిప్పగానే ఏడు ఈకల కింద నుంచి సన్నని మొనలు తొంగిచూశాయి. మొదట నాలుగు లెక్కపెట్టాను, తర్వాత ఐదు. నమ్మకం కుదరక గద్ద కాలితో పట్టుకున్న బాణాలవైపు చూశాను. అన్నిటికన్నా పైనున్న బాణానికి ఉన్న ఈక, ఆ బాణం కాడకు సమాంతరంగా ఉంది, గద్ద రొమ్ము చదునుగా ఉంది. ఆ తర్వాతి నమూనాలో ఆ ఈక ఏటవాలుగా, రొమ్ము గుండ్రంగా ఉంటాయి. అన్నీ సరిపోయాయి. ఏడు మీద ఎనిమిది కాదు, ఎనిమిది మీద ఏడు! ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇక నాణ్యత. కొలమానం 1 నుంచి 70 దాకా. 60, ఆపైన వచ్చినవి వాడకంలో అరగనివి. మోర్గాన్ డాలర్‌లో మొదట అరిగేవి ముందువైపున్న స్వేచ్ఛాదేవి చెవి మీది జుట్టు, వెనక గద్ద రొమ్ము. నా నాణెంలో చెవి మీద జుట్టు చదునుగా ఉంది. అచ్చు సరిగా పడకపోయినా అలాగే కనిపిస్తుంది, కానీ అప్పుడు అక్కడ కూడా మెరుపు నిలిచి ఉంటుంది. నాదానిలో బూడిదరంగు మచ్చ ఉంది. అరుగుదలే. 55 వస్తుందని లెక్క వేసుకుని, పరీక్షించి ప్లాస్టిక్ డబ్బాలో బిగించి ఇచ్చే సంస్థకు పంపాను.

రకం నేను చెప్పిందే రాశారు. అంకె మాత్రం లేదు. "శుభ్రం చేసినది" అని ఉంది.

కోపం వచ్చిన మాట నిజం. కానీ దీపం కింద తిప్పి చూస్తే వాళ్లదే న్యాయం. తోమని నాణెం మీద వెలుగు బండిచక్రం ఆకుల్లా గుండ్రంగా తిరుగుతుంది. నాదాని మీద తిరగలేదు, వెంట్రుకల్లాంటి గీతలన్నీ ఒకే దిక్కుకు పోతున్నాయి. కొన్నరోజే ఆ గీతలు చూశాను. ఈకల సంబరంలో వాటిని పట్టించుకోలేదు.

ఊళ్లో ఉన్న అమ్మకు వీడియోలో చూపించాను.

"ఎంత తెల్లగా ఉందో! విభూతితో తోమావా?"

"నేను కాదమ్మా, ఎవరో ఎప్పుడో తోమేశారు. అందుకే ధర పడిపోయింది."

"తోమితే ధర పడిపోవడమేమిటి నాయనా?" అని, నన్ను మోసం చేశారేమోనని చాలాసేపు బాధపడింది.

ఫోను పెట్టేసి, డబ్బా పైనుంచే మళ్లీ భూతద్దం పెట్టి లెక్కపెట్టాను. మొనలు ఐదే.