తుప్పు మచ్చలు చెప్పిన వరస

పాత కాగితాలు, ఫొటోలు భద్రపరిచే విద్యార్థుల ఆర్కైవ్స్ బృందంలో చేరిన రోజున నేను అడిగిన మొదటి ప్రశ్న చేతి తొడుగుల గురించి. పాత కాగితాలు ముట్టుకునేవాళ్లందరూ తెల్లటి నూలు తొడుగులు వేసుకుంటారని సినిమాల్లో చూసి ఉన్నాను. మేడమ్ నవ్వి, "చేతులు కడుక్కుని బాగా తుడుచుకుని రా, చాలు. తొడుగు వేసుకుంటే కాగితం అంచు వేలికి తెలియదు. తెలియకపోతే చిరుగుతుంది" అన్నారు. ఫొటోల దగ్గరకు వచ్చినప్పుడు మాత్రం తొడుగులు ఇచ్చారు. వేలిముద్ర ఫొటో మీద పడితే పోదట. పెన్నులు గుమ్మం దగ్గరే పెట్టించి తలా ఒక పెన్సిల్ చేతికిచ్చారు. గ్రంథాలయం మెట్ల కింది ఆ ఇరుకు గదిలో మా తొమ్మిది మంది ఏడాది అలా మొదలైంది.

మొదటి నెలంతా ఏమీ చదవనివ్వలేదు. కొలవమన్నారు. ఆర్కైవ్స్‌లో సరుకును కాగితాల లెక్కన కాక అరల పొడవు లెక్కన, మీటర్లలో చెబుతారని అప్పుడే తెలిసింది. టేపు పట్టుకుని బీరువాలన్నీ కొలిస్తే పద్నాలుగు మీటర్లు తేలింది. హాజరు పట్టీలు, క్రీడోత్సవాల ఫొటోలు, నాటక సంఘం కట్టలు, ఎవరో శ్రద్ధగా కత్తిరించి దాచిన వార్తాపత్రికల ముక్కలు. అలాంటి ముక్క ఒకటి ఒక ఉత్తరం మడతలో ఉండిపోయింది. తీసి చూస్తే ఉత్తరం మీద దాని ఆకారంలోనే గోధుమరంగు నీడ, మూలలతో సహా. చవక కాగితంలోని ఆమ్లం పక్క కాగితానికి పాకుతుందని పుస్తకంలో చదివితే గుర్తుండేది కాదేమో. ఆ నీడ మాత్రం ఇప్పటికీ కళ్ల ముందు ఉంది.

తర్వాత గుండుసూదులు. తుప్పు పట్టిన సూదిని లాగకూడదు. లాగితే కాగితం కూడా వెంట వస్తుంది. సూదికీ కాగితానికీ మధ్య పల్చటి ప్లాస్టిక్ ముక్క దూర్చి, అంటుకున్న తుప్పును మెల్లగా వదిలించి, అప్పుడు జరపాలి. ఒక్క సూదికి ఐదు నిమిషాలు పట్టిన రోజులున్నాయి. రబ్బరు బ్యాండ్లయితే ఎండి జీడిపాకంలా అతుక్కుని ఉండేవి.

ఇక నా ఘనకార్యం. నాటక సంఘం కట్ట నాకు అప్పగించారు. అరవై రెండు కాగితాలు. సూదులు తీశాను. బాగానే తీశాను. ఆ ఊపులో, ఎవరూ చెప్పకుండానే, కాగితాలన్నీ తేదీల ప్రకారం సర్దేశాను. ఎంత గజిబిజిగా ఉందో! ఆగస్టు రసీదు మీద జనవరి తీర్మానం, దాని కింద మళ్లీ ఆగస్టు ఉత్తరం. ఒక మధ్యాహ్నమంతా కూర్చుని చక్కబెట్టి, శభాష్ అంటారని మేడమ్ ముందు పెట్టాను.

ఆమె ఒకటే అడిగారు. "ఇది ముందు ఏ వరసలో ఉండేది?"

నాకు గుర్తు లేదు. రాసుకోలేదు కూడా.

అప్పుడు కూర్చోబెట్టి చెప్పారు. 1898లో ముల్లర్, ఫైత్, ఫ్రౌన్ అనే ముగ్గురు డచ్ ఆర్కైవిస్టులు కాగితాలను అమర్చే పద్ధతి మీద ఒక కరదీపిక రాశారు. ఒక సంస్థ కాగితాలను ఇంకో సంస్థ కాగితాలతో కలపకూడదు, ఆ సంస్థ పెట్టుకున్న వరసను మన ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు అన్నవి అందులోని ముఖ్యమైన మాటలు. నేను గజిబిజి అనుకున్నది ఆ నాటక సంఘం కార్యదర్శి పద్ధతి. తీర్మానం పైన, దాని కింద ఆ తీర్మానం ప్రకారం పెట్టిన ఖర్చుల రసీదులు, ఆ కింద వాటి మీద వచ్చిన ఫిర్యాదులు. ఏ డబ్బు ఎవరు ఒప్పుకుంటే ఖర్చయిందో ఆ వరస చెప్పేది. నేను సర్దాక అవి ఉత్త రసీదులు.

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. "సూదులు తీసేశావు గానీ, వాటి గుర్తులు కాగితాల మీదే ఉన్నాయిగా" అని ఒక్క మాట అని వెళ్లిపోయారు.

మూడు శనివారాలు పట్టింది. ఒకే సూదికి గుచ్చిన కాగితాల్లో రంధ్రాలు ఒకే చోట ఉంటాయి. రెండు కాగితాలు దగ్గర పెట్టి కిటికీకి ఎత్తి చూస్తే, జత కుదిరినప్పుడు రంధ్రాల్లోంచి వెలుతురు రెండు చుక్కలుగా కనిపిస్తుంది. సూది తల ఆనిన పై కాగితం మీద తుప్పు గుండ్రంగా, చిక్కగా ఉంటుంది. మధ్య కాగితాల మీద పల్చబడుతుంది. అడుగు కాగితం వెనుక మళ్లీ గీతలా తేలుతుంది. ఏ తుప్పును శత్రువు అనుకుని వదిలించామో ఆ తుప్పే సాక్ష్యం చెప్పింది. యాభై అయిదు కాగితాలు ఇల్లు చేరాయి. ఏడింటికి చోటు దొరకలేదు. వాటిని విడిగా ఒక కవరులో పెట్టి, అసలు వరసను ఎవరు చెరిపారో, ఎప్పుడు చెరిపారో పెన్సిల్‌తో రాసి కట్ట మొదట్లో పెట్టించారు. పేరు పూర్తిగా రాయమన్నారు. రాశాను.

వానాకాలంలో గొట్టం కారి రెండు పెట్టెలు తడిశాయి. తడిసిన కాగితానికి బూజు పట్టడానికి రెండు రోజులు చాలు. తరగతులు మాని ఫ్యాన్ల కింద కాగితాలు పరిచాం, పుటల మధ్య అద్దుడు కాగితాలు పెట్టి మారుస్తూ కూర్చున్నాం. రంగు సిరాతో రాసినవి చెదిరిపోయాయి. పెన్సిల్ రాతలు చెక్కుచెదరలేదు. ఆ తర్వాత గుమ్మం దగ్గర పెన్ను వదలడానికి ఎవరమూ సణగలేదు. నునుపు కాగితం మీద అచ్చయిన ఒక సంచిక మాత్రం ఆరాక ఇటుకలా గట్టిపడిపోయింది. అలాంటి వాటిని తడిగా ఉండగానే గడ్డకట్టించి ఉంచాలని మేడమ్‌కు తెలుసు, కానీ అంత పెద్ద శీతల పెట్టె మాకు లేదు.

స్కానింగు గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. విసుగు పని. మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాల్లో, ఒకటి వేరే చోట ఉండాలన్న నియమం పాటించాం. "కొత్తది-చివరిది-2" అని ఫైలుకు పేరు పెట్టిన మిత్రుడు ఈ సంచిక చదువుతాడు కాబట్టి ఇక్కడ ఆపుతాను.

జూన్ 9న ప్రదర్శన పెట్టాం. 1948లో అంతర్జాతీయ ఆర్కైవ్స్ మండలి ఏర్పడింది ఆ రోజే. అందుకే దాన్ని ఆర్కైవ్స్ దినంగా జరుపుకుంటారు. వెలుతురుకు సిరా వెలిసిపోతుందని అసలు కాగితాలకు బదులు నకళ్లు పెట్టాం. పేర్లు తెలియని ఫొటోల పక్కన చీటీలు, పెన్సిళ్లు ఉంచాం. కప్పు పట్టుకుని నిలబడ్డ ఒక కుర్రాడికి ముగ్గురు పూర్వ విద్యార్థులు మూడు పేర్లు రాశారు. ముగ్గురూ ఒట్టు వేస్తామన్నారు. ఏది నిజమని మేము తేల్చలేదు. ఎవరు ఏ పేరు చెప్పారో మూడూ నమోదు చేశాం.

ఈ వ్యాసం కోసం మొన్న ఆ గదికి వెళ్లి నాటక సంఘం కట్ట చూపించమని అడిగాను. ఒక అమ్మాయి చీటీ రాయించుకుంది. నా జేబులోని పెన్ను తీయించి పెన్సిల్ ఇచ్చింది. కట్ట మొదట్లో నా ఒప్పుకోలు అలాగే ఉంది. దాని కింద నాకు తెలియని చేతివ్రాతలో ఇంకో వరుస కనిపించింది: "విడి కవరులోని మూడో కాగితం 23 తర్వాతది. అడుగున తుప్పు గీత చూడండి."

23ను, దాని తర్వాతి కాగితాన్ని తీసి కిటికీకి ఎత్తాను. రెండు చుక్కల వెలుతురు.