కళ్లజోడు మర్చిపోయే మామ్మగారు

గుంటూరులో మా ఇంట్లో ప్రతి శుక్రవారం సాయంత్రం ఏడింటికి గృహకూడిక, అంటే వీధిలోవాళ్లం ఇంట్లో కలిసి బైబిల్ చదువుకునే కూడిక. పది పన్నెండు మంది వస్తారు. పాస్టరు అయ్యగారికి అన్ని ఇళ్లకీ రావడం కుదరక, "టీచరమ్మా, మీ వీధిది మీరే నడిపించండి" అని నాకు అప్పగించారు. ఇరవై రెండేళ్లుగా లెక్కలు చెప్తున్నాను, ఇదో పెద్ద పనా అనుకున్నాను. మొదటి ఆరు నెలలు నేను నడిపింది కూడిక కాదు, క్లాసు.

తప్పంతా నాదే కాదులెండి. మేం లూథరన్లం. 1842లో లూథరన్ మిషనరీ హేయర్ గుంటూరు వచ్చిన నాటి నుంచీ ప్రసంగం వినడం మా వాళ్లకి అలవాటు. ఒకరు చెప్పాలి, మిగతావాళ్లు ఆమేన్ అనాలి. నేనేదైనా అడిగితే అందరూ బైబిల్లోకి తలలు దించేసేవాళ్లు. రెండు క్షణాలు చూసి జవాబు నేనే చెప్పేసేదాన్ని. యేసు చెప్పిన కథ ఒకటుంది: తన వాటా ఆస్తి తీసుకుపోయి అంతా పోగొట్టుకున్న చిన్న కొడుకు తిరిగొస్తే తండ్రి పరిగెత్తుకెళ్లి కౌగిలించుకుంటాడు, పెద్ద కొడుకు అలిగి ఇంట్లోకి రానంటాడు. "తప్పిపోయిన కుమారుడి కథ మనకేం నేర్పుతుంది?" అంటే ఎవరో "మారుమనస్సు" అని గొణిగేవారు. తప్పు జవాబేం కాదు. సండే స్కూల్లో ఏడేళ్ల పిల్లాడూ అదే చెప్తాడు. ఇక మాట్లాడుకోడానికి ఏముంది?

తలా ఒక వచనం చదవడం కూడా మా దగ్గర ఆనవాయితీ. మా మామ్మగారొకరికి కీర్తనలన్నీ కంఠతా వచ్చు, ఏ చరణమూ తప్పరు. కానీ చదివే వరుస తన దాకా వచ్చేసరికి మంచినీళ్లకని వంటింట్లోకి వెళ్లేవారు. లేదా "కళ్లజోడు మర్చిపోయానమ్మా" అనేవారు. నాలుగో వారం కూడా కళ్లజోడు మర్చిపోయాక గానీ నాకు వెలగలేదు. ఆవిడకి చదవడం రాదు. అంటే ప్రతి శుక్రవారం పదిమందిలో ఆవిడకి పరీక్ష పెడుతున్నది నేనే. ఆ రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు.

వరుస చదువు ఆపేశాను. భాగమంతా ఒక్కరే, నిదానంగా రెండుసార్లు చదువుతారు. ఆ పని మా రిటైర్డ్ అంకుల్‌కి ఇచ్చాను. ఆయనది మంచి గొంతు. అదీగాక, ఊరుకుంటే ప్రతి ప్రశ్నకీ ఇరవై నిమిషాల ప్రసంగం చేసే మనిషి. చదవడం తన బాధ్యత అయ్యాక ఆ దాహం కొంత తీరింది. పూర్తిగా కాదు.

చదివాక "ఇప్పుడిది మన మాటల్లో ఎవరైనా చెప్పండి" అంటాను. మన బైబిల్ భాష చెవికి కమ్మగానే ఉంటుంది గానీ, "పొట్టుతో తన కడుపు నింపుకొన ఆశపడెను" అని వింటూ తల ఊపేయడం తేలిక. మొదటిసారి అలా అడిగినప్పుడు కథ చెప్పింది మామ్మగారే. "దూరంగా ఉండగానే చూశాడంటే ఆ తండ్రి రోజూ ఆ దారే చూస్తూ కూర్చున్నాడమ్మా. పెద్దమనిషి, పంచె ఎగ్గట్టుకుని పరిగెత్తాడు. ఊళ్లోవాళ్లు నవ్వుకోరూ?" అన్నారు. ఆ కథ మీద నేనెన్ని ప్రసంగాలు విన్నానో! ఊళ్లోవాళ్ల సంగతి నాకెప్పుడూ తట్టలేదు.

ఆ రోజు నేను రాసుకున్న ప్రశ్న ఒక్కటే. "చివరికి పెద్ద కొడుకు ఇంట్లోకి వెళ్లాడా?" ఈ కథ రాసిన లూకా చెప్పలేదు. నాకూ తెలియదు కాబట్టే అడిగాను. అడిగాక మాత్రం నోట్లో నీళ్లు పోసుకుని కూర్చున్నాను. మాట వరసకి కాదు, నిజంగానే. గ్లాసెత్తి గుక్క పట్టుకుంటే జవాబు చెప్పెయ్యలేను కదా.

చాలాసేపు ఫ్యాను చప్పుడే. అప్పుడొక చెల్లెలు అంది, "వెళ్లుండడక్కా. నేనైతే వెళ్లను." తర్వాత వాళ్ల తమ్ముడి సంగతి, పొలం పంపకం సంగతి వచ్చింది. (తనని అడిగే ఇక్కడ రాస్తున్నాను, కొన్ని వివరాలు మార్చాను.) అంకుల్ వెంటనే "ఎఫెసీ నాలుగు ముప్పై రెండులో..." అని క్షమించమనే వచనం మొదలుపెట్టారు. "అంకుల్, ఒక్క నిమిషం, తనని చెప్పనివ్వండి" అన్నాను. మొహం ముడుచుకున్నారు. టీ తాగేటప్పుడు మామూలైపోయారు.

మేం కచ్చితంగా పెట్టుకున్న నియమం ఒకటే. ఇక్కడ విన్నది ఆదివారం "ప్రార్థన విన్నపం" అవకూడదు. మన సంఘాల్లో ఒకరింటి గుట్టు బయటపడేది ఎక్కువగా ఆ దారినే. కళ్లు మూసుకుని, భక్తిగా, పేరుతో సహా చెప్పేస్తాం. ఒకసారి మా కూడికలోనే అలా జరిగి ఒక కుటుంబం రావడం మానేసింది. నేను రెండుసార్లు వాళ్లింటికి వెళ్లాను. ఇంకా రాలేదు.

ఈ శుక్రవారం మార్త, మరియల భాగం. యేసు ఇంటికొస్తే అక్క మార్త పనుల్లో సతమతమైంది, చెల్లి మరియ ఆయన పాదాల దగ్గర కూర్చుని మాటలు వింది. "ఆ రోజు చివరికి వంట ఎవరు చేశారు?" అని అడుగుదామని రాసుకున్నాను. మొన్న కూరగాయల బండి దగ్గర మామ్మగారు కనబడితే ముందే చెప్పాను. "ముందే చెప్తున్నా టీచరమ్మా, నేను మార్త వైపే" అన్నారు.