ఎనిమిది బీట్లలో విడిపోతున్న శ్రుతి

మా బడి బ్యాండు పిల్లలతో ఈ వారమూ డిమినుయెండో (స్వరాన్ని బిగ్గర నుంచి క్రమంగా సన్నగా తగ్గించడం) దగ్గరే ఆగిపోయాం. బిగ్గరగా మొదలుపెట్టినంతసేపూ అందరిదీ ఒకే శ్రుతి. సన్నగా తగ్గిస్తూ ఆరో బీటుకు రాగానే ఫ్లూట్లది ఒక దారి, క్లారినెట్లది ఒక దారి. మిగతావన్నీ కదులుతున్నాయి కాబట్టే ఇంత విసుగు. బి-ఫ్లాట్ స్కేలు 80 వేగంలో (నిమిషానికి 80 బీట్లు) అందరికీ వచ్చేసింది. ట్రంపెట్ పిల్లలకు మూడో వాల్వు స్లైడు జరపడం అలవాటైంది.

ఈ టర్ముకు పెట్టుకున్న లక్ష్యం ఇది: 60 వేగంలో ఎనిమిది బీట్లు, ఒకే స్వరం, ఫోర్టే (బిగ్గరగా) నుంచి పియానో (మెల్లగా) దాకా, ట్యూనరు ముల్లు 10 సెంట్లకు (అర్ధస్వరంలో నూరో వంతు ఒక సెంటు) మించి అటూ ఇటూ పోకూడదు. ‘టోను బాగుపడాలి’ అని రాసిస్తే ఆరో తరగతి పిల్లలకు ఇంటికెళ్లి ఏం చేయాలో తెలియదు. అలాంటి లక్ష్యాలు గోడకు అంటించుకోవడానికే.

జట్లను విడదీసి కొలిచాను. స్వరం కన్సర్ట్ బి-ఫ్లాట్ (అంటే నిజంగా వినిపించే బి-ఫ్లాట్; క్లారినెట్ పిల్లలు దాన్ని సి అని చదువుతారు): ఫ్లూట్లు 466 హెర్ట్జ్ దగ్గర, క్లారినెట్లు ఒక స్థాయి కింద 233 దగ్గర. మొదటి బీటులో ఫ్లూట్లు +5, క్లారినెట్లు −5. చివరికి ఫ్లూట్లు −25కి జారాయి, క్లారినెట్లు +15కి ఎక్కాయి. ఎడం 40 సెంట్లు, అర్ధస్వరంలో దాదాపు సగం.

మొదట గది వేడిని అనుమానించాను. డిగ్రీకి సుమారు 3 సెంట్లు పెరిగే మాట నిజమే కానీ, వేడి అందరినీ ఒకే వైపు లాగుతుంది, అదీ ఎనిమిది సెకన్లలో కాదు. క్లారినెట్ బ్యారెల్ (మౌత్‌పీస్ కింది గొట్టం) కాస్త బయటికి లాగితే చివరి బీటు కుదిరి మొదటిది చెడుతుంది. రీడ్లనూ (ఊదితే కంపించే పలుచని రెల్లు పలకలు) మార్చి చూశాను. వాండొరెన్ కంపెనీ రీడు అదే నంబరు రికో రీడు కంటే గట్టిగా ఉంటుంది, కొత్తవాళ్లకు అర నంబరు తగ్గించడమే నయం. శ్రుతి మాత్రం అలాగే ఎక్కింది.

అసలు ఆ వాయిద్యాల తత్వమే అంత. సన్నగా ఊదితే గాలి వేగం తగ్గి ఫ్లూటు దిగుతుంది, క్లారినెట్ ఎక్కుతుంది. పైగా పిల్లలు భయపడి దవడ బిగించి రీడును కొరుకుతారు. ‘పెదవుల సందు చిన్నది చేసి గాలిని కాస్త పైకి పంపండి’ అని ఫ్లూట్లకు, ‘దవడ వదలండి, గాలి వదలకండి’ అని క్లారినెట్లకు చెబుతున్నాను. విడిగా వాయిస్తే వస్తోంది, కలిపితే పోతోంది.

‘నా ముల్లు మధ్యలోనే ఉంది సార్’ అని ఒక ఫ్లూటు పాప ఫోను చూపించింది. చూస్తే ఆ యాప్ పట్టుకున్నది వెనక వరుసలోని ట్రంపెట్‌ను. గదినిండా జనం ఉన్నప్పుడు ఫోను ట్యూనర్లు దండగ. కోర్గ్ టీఎం-60 లాంటిదానికి వాయిద్యం మీదే బిగించే మైకు తగిలిస్తేనే అంకెలను నమ్మగలం.

ఇక నా ఊహ: పిల్లలకు తేడా వినపడటం లేదు. క్లారినెట్ కింది స్థాయిలో సరిసంఖ్య హార్మోనిక్‌లు (మూల స్వరానికి రెండు, నాలుగు రెట్ల పౌనఃపున్యంతో దానితో కలిసి మోగేవి) బలహీనం. ఒక స్థాయి పైన ఉన్న ఫ్లూటుతో రాసుకుని ఊగడానికి అక్కడ పెద్దగా ఏమీ ఉండదు. అందుకే వచ్చే వారం కన్సర్ట్ ఎఫ్‌కు మారుతున్నాం, 349 హెర్ట్జ్. క్లారినెట్‌కు అది వేళ్లన్నీ తీసేసి వాయించే జి, ఫ్లూటుకూ తేలికే, ఇద్దరిదీ ఒకే స్థాయి. 10 సెంట్ల తేడా ఉంటే సెకనుకు రెండు విస్పందనాలు (రెండు స్వరాలు కలిసినప్పుడు ధ్వని పెరుగుతూ తగ్గుతూ ఊగడం), 40 ఉంటే ఎనిమిది. సెకనుకు రెండైతే చెవితోనే లెక్కపెట్టవచ్చు, ముల్లు అక్కరలేదు. ఆ జి నిలకడ లేని స్వరమే, అయినా సరే. ఒక ఫ్లూటు, ఒక క్లారినెట్ ఎదురెదురుగా, ముందు నాలుగు బీట్లే, 15 సెంట్ల వరకు మన్నింపు.

ఈలోగా ఏడో తరగతి క్లారినెట్లతో బ్రేకు (కింది స్వరాల నుంచి పై స్వరాలకు మారే చోటు) దాటించాలి: ఎ వాయిస్తుండగానే కుడిచేతి వేళ్లు మూసి ఉంచి బి మీదికి వెళ్లడం. అది కుదిరితే పై సి అందుతుంది, అప్పుడు బి-ఫ్లాట్‌నే 466లో ఫ్లూట్లతో పాటు పట్టుకోవచ్చు. ట్రాంబోన్లను మాత్రం ఈ గొడవలోకి ఇప్పుడే లాగను.